నీళ్ళ ఆటలో కూలోళ్ళ పీట యేది?

తెల్లవారుజామున మదనపల్లె బస్టాండుకు వచ్చి చూడండి. బెంగుళూరు బస్సు కోసం మూటాముల్లె సర్దుకుని కూర్చున్న సంసారాలు కనబడతాయి. పుంగనూరు, చౌడేపల్లె, రామసముద్రం, నిమ్మనపల్లె పక్కల నుంచి వచ్చిన వాళ్ళు. మొన్న వొకనాడు అట్లా కూర్చున్న వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు ఫోను మీద వంగిపోయి ఆట ఆడుతున్నాడు. యేమాట నాయనా అని అడిగాం. "సేద్యం ఆట మామా" అన్నాడు. వేలితో నొక్కితే దుక్కి, నొక్కితే విత్తనం, నొక్కితే కోత. వాళ్ళ నాయన పక్కనే బీడీ ఆర్పుకుంటూ వున్నాడు. మానావారి చెనక్కాయ యెండిపోయి, గుత్తకు చేసిన అరెకరా టమోటాలో పెట్టుబడి మునిగి, యిప్పుడు కట్టడం పనికి పోతున్నాడు. "వాని సేద్యంలో బోరు యెండదంట అన్నా" అని నవ్వినాడు.

యీ ఫోను సేద్యం కొత్తదేమీ కాదు. 2009లో ఫార్మ్‌విల్ అనే ఆట ఫేస్‌బుక్‌లో వచ్చి ప్రపంచంలో కోట్లాది మందిని పట్టుకున్నది. 2020 డిసెంబరు ఆఖరున దాన్ని మూసేశారు. మట్టి తొక్కి యెరగని వాళ్ళు కూడా నిద్ర మానుకుని పంట కోసుకున్నారట. ఆ సేద్యంలో కూలి పెంచమంటే కసిరే ఆసామి లేడు, మండీలో కమీషన్ కోసుకునే దళారి లేడు, వడ్డీకి యిచ్చినోడు గడపలో వచ్చి కూర్చునేది లేదు. ఆట కనుక పోనీలే అనుకున్నాం.

అయితే కొన్నేళ్ళుగా యింకో మాట గట్టిగా వినబడుతున్నది. కంప్యూటరు ఆటలతో అడవిని కాపాడవచ్చు, నీటిని కాపాడవచ్చు, జంతువులను కాపాడవచ్చు అని. చైనాలో 2016లో అలీపే కంపెనీ ఫోనులో 'యాంట్ ఫారెస్ట్' అనే ఆట పెట్టింది. కారెక్కకుండా నడిచినా, కాగితం బిల్లు వద్దన్నా పాయింట్లు వస్తాయి. పాయింట్లు చాలినన్ని చేరితే యెడారి అంచున నిజం చెట్టు నాటుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం దానికి అవార్డు యిచ్చింది. అదే యేడు సెప్టెంబరులో న్యూయార్కులో పెద్ద పెద్ద ఆటల కంపెనీలు అదే విభాగంతో చేయి కలిపి, మా ఆటల్లో ప్రకృతి రక్షణ గురించి చెబుతామని మాట యిచ్చాయి.

మేము మొదట వెక్కిరించాం. చెట్టు నాటేది ఫోను నొక్కిన వేలు కాదు, గుంత తవ్విన చెయ్యి. ఆ చేతికి యెంత కూలి ముట్టిందో ఆటలో కనబడదు. కానీ వెక్కిరించి వూరుకోవడం పొరపాటని తర్వాత తెలిసింది. యెందుకంటే అట్లాంటి ఆట వొకటి మన పాత చిత్తూరు జిల్లాలో, పక్కన అనంతపురం జిల్లాలో, మన మెట్ట పల్లెల్లోనే ఆడించారు. దాని మీద పుస్తకాల్లో రాశారు, దేశదేశాల్లో మాట్లాడుకున్నారు. ఆడిన వూళ్ళ పక్క వూళ్ళ కూలీలకు మాత్రం సంగతి తెలియదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఆ ఆట పుట్టుక కంప్యూటరు గదిలోనే. అమెరికాలో ఎలినార్ ఆస్ట్రామ్ అనే ఆవిడ వుండేది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. చెరువు, అడవి, మేత బీడు లాంటి వుమ్మడి సొత్తును జనం తమకు తాము కట్టుబాటు చేసుకుని కాపాడుకోగలరా, లేక సర్కారు కర్రో, ఆసామి కంచో వుంటే తప్ప అది పాడైపోతుందా అన్నది ఆవిడ ప్రశ్న. విద్యార్థులను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి వుమ్మడి సొత్తు ఆట ఆడించారు. యెవరితో యెవరూ మాట్లాడకూడదంటే అందరూ యెగబడి సొత్తును ఖాళీ చేశారు. మాట్లాడుకోనిస్తే చాలావరకు సర్దుకున్నారు. మన రచ్చబండ మీద కూర్చునే పెద్దాయన యెవరైనా యీ మాట పైసా ఖర్చు లేకుండా చెప్పేవాడే. సరే, లెక్కకట్టి చూపించడంలో కూడా లాభం వుంది, పాలకులు లెక్క అడుగుతారు కనుక.

ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళలో మార్కో జాన్సెన్ అనే ప్రొఫెసర్ వొకరు. ఆయన, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, మదనపల్లెలో ఆఫీసు పెట్టుకుని పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వాళ్ళు కలిసి 2013లో మన పల్లెలకు భూగర్భజలం ఆట తెచ్చారు. కంప్యూటరు పక్కన పెట్టేశారు. వూళ్ళో జనాన్ని గుంపుగా కూర్చోబెట్టి, మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు వేరే ఆట పెట్టారు. ప్రతి ఆటగాడూ యేటేటా వొక పంట యెంచుకోవాలి. వొకటి తక్కువ నీళ్ళు తాగి తక్కువ డబ్బు తెచ్చే పంట, రెండోది యెక్కువ నీళ్ళు తాగి యెక్కువ డబ్బు తెచ్చే పంట. అందరి బోర్లకూ అడుగున వొకటే నీళ్ళు. వాన పడితే కొంత చేరుతుంది, పంటలు తాగితే తగ్గుతుంది. నీళ్ళు అయిపోతే ఆట ముగిసినట్టే. ఆట అయిన తర్వాత వూరందరితో కూర్చుని యేం జరిగిందో మాట్లాడారు. మరుసటి యేడు అవే వూళ్ళకు వచ్చి, ఆటను కొంచెం మార్చి మళ్ళీ ఆడించారు.

ఫలితాలు 2018లో అచ్చయినాయి. అందులో మూడు సంగతులు మనం గుర్తు పెట్టుకోదగినవి. మొదటి యేడు మాట్లాడుకోనిచ్చినా పెద్ద తేడా రాలేదు. రెండో యేడు మాట్లాడుకున్న గుంపులు నీటిని బాగా నిలుపుకున్నాయి. ఆట ఆడిన తీరును బట్టి ఆటగాళ్ళకు విడివిడిగా డబ్బు యిచ్చి చూశారు. దానివల్ల పంట యెంపికలో తేడా యేమీ కనబడలేదు. అదే సంస్థ నీటి కార్యక్రమం నడుస్తున్న మిగతా వూళ్ళతో పోలిస్తే, ఆట ఆడిన వూళ్ళలో నీటి రిజిస్టర్లు రాసుకున్నవి, నీటి కట్టుబాట్లు పెట్టుకున్నవి యెక్కువ. ఆటలతోనే భూగర్భజలాల కరువు తీరిపోదని కూడా వాళ్ళే రాశారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఆ తర్వాత యిలాంటి ఆటలు రాజస్థాన్, మధ్యప్రదేశ్ పల్లెలకూ పోయినాయి.

ఆ డబ్బు సంగతి మీద వొక మాట చెప్పకుండా ముందుకు పోలేము. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చిన నాటి నుంచి పట్నం మేధావులు కొందరు వొకటే పాట పాడుతున్నారు: కరెంటు ఉచితం కనుక రైతు నీళ్ళు పారబోస్తున్నాడు, మీటరు పెట్టి డబ్బు కట్టిస్తే బుద్ధి వస్తుంది అని. ఆటలో డబ్బు, కరెంటు బిల్లు రెండూ వొకటే అని మేము అనడం లేదు. కానీ మనిషిని రూపాయితో మాత్రమే కదిలించవచ్చు అనే నమ్మకం మన పల్లెల్లోనే, వాళ్ళ సొంత లెక్కల్లోనే నిలబడలేదు. జనం మారింది కూర్చుని, తెలుసుకుని, మాట్లాడుకున్నప్పుడు. అది కూడా రెండో యేడు. వొక్క మీటింగు పెట్టి జనం కదల్లేదని నిరాశపడే మన కార్యకర్తలు యీ సంగతి గమనించాలి.

నేల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆట యెందుకో అర్థం కాదు. మనది బండ నేల. పైన కొన్ని బారల మెత్తటి మట్టి, మొరుసు, దాని కింద రాయి. నీళ్ళు వుండేది ఆ మొరుసులో, రాతి పగుళ్ళలో. మా తాతల కాలంలో కపిల తోలిన బావికి నీళ్ళు ఆ మొరుసులోనివే. ఆయిలు ఇంజన్లు వచ్చినాయి, కరెంటు మోటార్లు వచ్చినాయి, మొరుసు నీళ్ళు అయిపోయినాయి. బావిలోనే బోరు వేశారు. తర్వాత బావి వదిలేసి పైనుంచే బోరు. మదనపల్లె, పుంగనూరు పక్క యిప్పుడు వెయ్యి అడుగుల బోరు అంటే యెవరూ నోరు తెరిచి చూడరు. కిందికి పోయేకొద్దీ నీళ్ళు పెరగవు, పగుళ్ళు తగ్గుతాయి, అప్పు పెరుగుతుంది. వొక పగులు మీద పైన నలుగురు బోర్లు వేస్తే, అందరికంటే లోతు వేసినవాడు మిగతా ముగ్గురి నీళ్ళు లాగేస్తాడు. లోతు వేయగలిగినవాడు యెవడో మేము చెప్పనక్కర లేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా యింకో బోరు వేయకూడదు. మన కాలనీల చేతిపంపుల పక్కన టేపు పట్టుకుని కొలిస్తే ఆ చట్టం యెంత అమలవుతున్నదో తెలుస్తుంది.

యీ కనబడని నీళ్ళను కళ్ళకు కట్టించడమే ఆట చేసిన పని. అంతకుముందు 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో వుమ్మడి రాష్ట్రంలో యేడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోరు మట్టం కొలిచి, పంటకు నీటి బడ్జెట్ వేసుకున్న పథకం నడిచింది. చిత్తూరు అందులో వుంది. అసలు ఆ మాటకొస్తే మన చెరువుల కింద యిది పాత అలవాటే. చెరువు సగమే నిండిన యేడు ఆయకట్టు తగ్గించుకుని దామాషా ప్రకారం తడుపుకునేవాళ్ళు. మడిమడికీ నీళ్ళు పంచేవాడు నీరుగంటి. చాలా వూళ్ళలో ఆ నీరుగంటి దళితుడు. గమనించండి: తనకు మడి లేకపోయినా నీటి పంపకంలో చెయ్యి వున్న మనిషి. బోరు వచ్చి చెరువును చంపింది, నీరుగంటి పనిని కూడా చంపింది. స్విచ్చి ఆసామి యింట్లో వుంటే నీరుగంటి యెందుకు?

యిక మా సొంత అనుభవం. పోయిన యేడు పుంగనూరు పక్క వొక వూళ్ళో కూలి రేట్ల మీద మీటింగు పెట్టాం. మీటింగు అయినాక, యీ ఆట గురించి చదివిన వుత్సాహంతో, మనమూ ఆడదాం అన్నాం. వాళ్ళ ఆటలో అంకెలు వేరు; మేము మాకు చేతనైనట్టు కట్టుకున్నాం. యిత్తడి చెంబులో 40 చింతగింజలు పోశాం, అదే వూరి నీళ్ళు. యేటా వానకు 5 గింజలు వేస్తాం. అయిదుగురు ఆటగాళ్ళు. రాగి వేస్తే 1 గింజ తీయాలి, 2 చెనక్కాయలు ఆదాయం. టమోటా వేస్తే 3 గింజలు తీయాలి, 5 చెనక్కాయలు ఆదాయం. (ఆట సగంలోనే పిల్లలు ఆదాయం తినేశారు. మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది.)

మొదటి యేడు ముగ్గురు టమోటా వేశారు. రెండో యేడు నలుగురు. మూడో యేటికి అయిదుగురూ. నాలుగో యేడు చివర చెంబులో 6 గింజలు మిగిలినాయి, అయిదో యేడు యెవరు ముందు తీయాలని పోట్లాట. నవ్వులాటే గానీ, అందులో యిద్దరు నిజంగానే గొంతు పెంచారు. యిద్దరికీ నిజం చేలు పక్కపక్కనే వున్నాయని తర్వాత తెలిసింది.

అప్పుడు వెనక కూర్చున్న వొక అక్క అడిగింది. "అన్నా, యీ ఆటలో మేము యాడుండాము?"

మా దగ్గర జవాబు లేదు. నిజమే. ఆటలో కూర్చున్న అయిదుగురూ పంట యెంచుకునేవాళ్ళు. అంటే భూమి వున్నవాళ్ళు, మోటారు వున్నవాళ్ళు. ప్రొఫెసర్లు కట్టిన ఆటలోనూ అంతే, ఆడేవాళ్ళు యెవరైనా ఆటలో అందరూ రైతులే. కలుపు తీసేవాళ్ళు, కట్టెలు పాతి తీగ కట్టేవాళ్ళు, కాయ కోసి క్రేట్లు మోసేవాళ్ళు పటంలో లేరు. చేతిపంపు దగ్గర బిందెల వరసా లేదు. వ్యవసాయ కార్మిక సంఘం పేరు చెప్పుకుని తిరిగే మేమే యింతసేపు ఆ లోటు చూడకుండా ఆడించాం. సిగ్గుపడ్డాం.

ఆట మార్చాం. చెంబులోంచి తీసిన గింజకు వొక గులకరాయి చొప్పున కూలీల వైపు పెట్టాం. రాయి అంటే పనిదినాలు. నీళ్ళు తాగే పంటకే పని యెక్కువ, యిది టమోటా కోతకు పోయిన యే ఆడమనిషిని అడిగినా చెబుతుంది. చెంబు అడుగు 10 గింజలు తాగునీళ్ళు, యెవరూ ముట్టకూడదు అని ఆడవాళ్ళే నియమం పెట్టారు, దాని మీద చర్చ కూడా లేదు. యిద్దరు కూలీలు ఆటలో కూర్చున్నారు. మాట్లాడుకోవచ్చు అన్నాం. చాలాసేపు వాదులాడి, యేటా యిద్దరే టమోటా వేయాలి, అది కూడా వంతుల ప్రకారం, మిగతా ముగ్గురు రాగి అని తేల్చారు. అప్పుడు యేటా 9 గింజలు పోతాయి, 5 వస్తాయి. యేడేళ్ళు ఆట నడిచింది, చెంబులో 12 మిగిలినాయి.

మేము సంతోషంగా లెక్క చెప్పాం. మొదటి ఆటలో నాలుగేళ్ళకు 54 రాళ్ళు వచ్చేవి, యీ ఆటలో యేడేళ్ళకు 63 వచ్చినాయి, చూశారా లాభం అని. ఆ అక్క వొప్పుకోలేదు. "యేడాదికి పదహైదు వచ్చే చోట తొమ్మిది వచ్చినాయి గదన్నా. సంఘంలో తీసుకున్న లోనుకు కంతు ప్రతి వారం కట్టాల. యేడో యేట వచ్చే కూలి యీ వారం కంతుకు పనికొస్తుందా?"

యీ ప్రశ్న దగ్గరే మొత్తం వ్యవహారం వున్నది. నీళ్ళు కాపాడాలంటే తడి పంట తగ్గించాలి. తడి పంట తగ్గితే కూలి తగ్గుతుంది. రైతుకు రాగిలో ఆదాయం తగ్గినా నీళ్ళు మిగిలినాయన్న తృప్తి, భూమి విలువ, రేపటి పంట వున్నాయి. కూలికి ఆ మిగిలిన నీటిలో వాటా యేది? పట్నంలో ప్రకృతి పరిరక్షణ అంటే మంచి మాట. పల్లెలో దాని ఖర్చు యెవరి కంచంలోంచి తీస్తున్నారో చూసుకోకపోతే అది భూమి లేనివాళ్ళ మీద వేసిన పన్ను అవుతుంది. అట్లాగని టమోటాకు జై కొట్టి బోర్లు యెండగొట్టుకుంటే, అందరికంటే ముందు బెంగుళూరు బస్సెక్కేది కూడా కూలీలే. రెండు వైపులా నష్టం మనకే వచ్చేట్టు పావులు పేర్చి వున్నాయి.

దారి చూపింది ప్రొఫెసర్లూ కాదు, మేమూ కాదు. చేతిలో కర్ర పట్టుకుని నిలబడి చూస్తున్న పెద్దాయన. వాళ్ళ నాయన నీరుగంటి పని చేసినాడంట. "వానకు అయిదు గింజలే యెందుకేస్తారు? చెరువులో పూడిక తీసి, సప్లయి కాలవ మీద కంపచెట్లు కొట్టేస్తే యేడెందుకు పడవు?" అన్నాడు. పడతాయో లేదో యెవరికి తెలుసు, ఆడి చూద్దాం అన్నాం. సర్కారు యేటా 4 రాళ్ళ కూలి యిచ్చి చెరువు పని చేయిస్తుంది, మరుసటి యేటి నుంచి వానకు 7 గింజలు పడతాయి అని పెట్టాం. పంటలు అవే, యిద్దరు టమోటా ముగ్గురు రాగి. కూలీలకు యేటా 13 రాళ్ళు వచ్చినాయి. పదో యేటికి చెంబులో 18 గింజలు వున్నాయి. పొద్దు గూకింది, ఆట ఆపేశాం.

యిది చింతగింజల లెక్క, నేల లెక్క కాదు. యే చెరువు పూడిక తీస్తే యెంత నీరు యింకుతుందో కొలిచి చూడాల్సిందే, కొన్ని చోట్ల యేమీ ప్రయోజనం వుండకపోవచ్చు కూడా. కానీ ఆటలో కూలికి పీట వేసేసరికి ఆట స్వభావమే మారిపోయింది చూడండి. అంతవరకూ అందరూ వున్న నీళ్ళు పంచుకునే గొడవలో వున్నారు. నీళ్ళు పెంచే చెయ్యి వొకటుందని, అది ఆటలో లేని మనిషి చెయ్యి అని యెవరికీ తోచలేదు.

అందుకే వుపాధి పని సంగతి యిక్కడ తీయకుండా వుండలేము. 2005 నాటి చట్టాన్ని 2006 ఫిబ్రవరిలో మన పక్కనే, అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలుపెట్టారు. దాని కింద రాయలసీమలో తవ్విన కుంటలు, తీసిన పూడికలు యెన్నో. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం చేసింది. రోజులు 125 అన్నారు, ఖర్చులో రాష్ట్రాల వాటా పెంచారు, సేద్యం పనుల కాలంలో అరవై రోజుల దాకా పని నిలిపే వీలు పెట్టారు. మన ఆట భాషలో చెప్పాలంటే, ఆ నాలుగు రాళ్ళు యెవరు వేయాలి, యెప్పుడు వేయాలి అన్న చోటే చెయ్యి పెట్టారు. నీటి ఆట ఆడించే సంస్థలు, మెచ్చుకునే అధికారులు యీ నాలుగు రాళ్ళ గురించి కూడా మాట్లాడాలి. అది రాజకీయం, మాకెందుకు అంటే కుదరదు. చెంబులో గింజలు దాని మీదే ఆధారపడి వున్నాయి.

ఆటలో లేనివి యింకా వున్నాయి. ధర. ఆటలో టమోటాకు యేటేటా అయిదు చెనక్కాయలే. మదనపల్లె మార్కెట్టులో 2023 జూలైలో కిలో నూటయాభై దాటింది, రెండు నెలలు తిరగకముందే నేల మీద పడింది. జూలై ధర చూసి బోరు వేసినవాడు అక్టోబరులో పశువులకు వేశాడు. యిలాంటి జూదం వుండగా రైతు రాగి వేయడం లేదని అతన్ని తిట్టి లాభం లేదు. రాగికి, చెనక్కాయకు గిట్టుబాటు ధర కట్టి కొనే దిక్కు వుంటే సగం టమోటా దానంతట అదే తగ్గుతుంది. కౌలు కూడా ఆటలో లేదు. యేడాది గుత్తకు చేసేవాడు యేడో యేటి నీళ్ళ గురించి యెందుకు ఆలోచిస్తాడు? మా ఆటలో పెద్ద బోర్లున్న ఆసామి కూడా లేడు. పిలిచాం, కబురు పంపాడు, రాలేదు. ఆ వూరి నీళ్ళలో యెక్కువ భాగం ఆయన పైపుల్లోనే పారుతున్నది. అయిదుగురు సన్నకారు రైతులు గింజలు పంచుకుని కట్టుబాటు చేసుకుంటే ఆయనకేం నష్టం? మిగిలిన నీళ్ళు కూడా ఆయన బోరుకే పోతాయి. మన పులిజూదంలో మేకలన్నీ కలిసి కదిలితే పులిని కట్టేయవచ్చు, కానీ అందుకు పులి పలక మీద వుండాలి గదా.

కుప్పం సంగతి కూడా చెప్పాలి, యెందుకంటే కంప్యూటరుతో పల్లె బాగుపడుతుందన్న మాట అక్కడివాళ్ళు అందరికంటే ముందు విన్నారు. 1990ల చివర అక్కడ ఇజ్రాయెల్ సేద్యం అని గెనాలు చదును చేసి, బోర్లకు డ్రిప్పు బిగించి ప్రదర్శన క్షేత్రాలు పెట్టారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మూడేళ్ళ పథకంగా పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు తెరిచారు, కొందరు ఆడవాళ్ళకు ఫోటోలు తీసే కెమెరాలు యిచ్చారు. అప్పట్లో దేశదేశాల వాళ్ళు చూడ్డానికి వచ్చారు. యంత్రాన్ని మేము తిట్టడం లేదు. యివాళ ప్రతి కూలి చేతిలో ఫోను వుంది, అందులో మస్టరు, అందులోనే కంతు. ఆటను ఫోనులోకి తెచ్చి పదివేల వూళ్ళకు పంపవచ్చు అనే ఆలోచన వుంటే మంచిదే. కానీ ఫోను ఆట వొక్కడే ఆడేది. మన నీళ్ళ ఆట పనిచేసింది అయిదుగురు మొహాలు చూసుకున్నందుకు, పక్క చేను వాడి గొంతు పెరిగినందుకు, వెనక కూర్చున్న ఆడమనిషి అడ్డుపడి అడిగినందుకు. ఫోనులో ఆ అక్క అడ్డుపడే బటన్ యెక్కడ పెడతారు?

కృష్ణా నీళ్ళు హంద్రీ-నీవా కాలవలో కుప్పం దాకా వచ్చినాయని 2024లో వొక ముఖ్యమంత్రి, 2025లో యింకొక ముఖ్యమంత్రి పూజలు చేశారు. వస్తే సంతోషమే, పోరాడింది అందుకే. ఆ నీళ్ళు చెరువుల్లో పడినప్పుడు కూడా యిదే ప్రశ్న వస్తుంది, యెవరి బోర్లు నిండుతాయి, వాటా తేల్చేటప్పుడు యెవరు కూర్చుంటారు అని.

కుప్పం పక్కనే కౌండిన్య అభయారణ్యం. 1990లో యేర్పడింది. అంతకు ముందు నుంచే తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి యేనుగులు వస్తున్నాయి. యేనుగును కాపాడాలి, అందులో మాకు రెండో మాట లేదు. పట్నం పిల్లలు కంప్యూటరులో యేనుగుల మందను కాపాడే ఆట ఆడి పాయింట్లు తెచ్చుకుంటారు. యిక్కడ రాత్రి మంచె మీద డబ్బా వాయిస్తూ చేను కాసేది కూలి మనిషి. పంట పోతే పరిహారం పట్టా వున్న ఆసామి పేర వస్తుంది, తెల్లార్లూ కాపలా కాసినవాడికి ఆ రాత్రి కూలి కూడా అనుమానమే. పుంగనూరు ఆవుదీ అట్లాంటి కథే. మూడడుగుల పొట్టి ఆవు, మన కరువుకు తట్టుకున్న ఆవు, పేదవాడి యింటి పాడి. యిప్పుడు లక్షలు పలికి పెద్దల బంగళాల్లో పచ్చిక మీద తిరుగుతున్నది. జాతి నిలిచింది, పేదవాడి కొట్టం ఖాళీ అయింది.

కనుక నీళ్ళ ఆట వద్దు అని మేము అనడం లేదు. మన సంఘాలు దాన్ని తమ చేతుల్లోకి తీసుకోవాలి అంటున్నాం. చెంబు, చింతగింజలు, గులకరాళ్ళు చాలు. కూలి రేట్ల మీటింగు అయినాక అరగంట ఆడించండి. తాగునీటి గింజలు ముందే పక్కన పెట్టండి. కూలీలకు, కౌలుదార్లకు పీట వేయండి. ఆడవాళ్ళను వెనక కూర్చోబెట్టకండి, మేము చేసిన పొరపాటు చేయకండి. ఆ వూళ్ళో సంస్థవాళ్ళు ఆట పెడితే పోయి కూర్చోండి, మా రాళ్ళు యేవి అని అడగండి. నీటి కట్టుబాటు రాసే కాగితం మీద భూమి లేనివాళ్ళ సంతకం కూడా వుండాలని పంచాయితీలో పట్టుబట్టండి. ఆసామి రాకపోతే ఆట ఆయన వాకిట్లోనే పెట్టండి.

పుంగనూరు పక్క ఆ వూళ్ళో ఆట అయినాక బడి గోడ మీద నల్లరంగు పూసి, నెలనెలా తాగునీటి బోరు మట్టం రాయాలని అనుకున్నారు. నాలుగు నెలలు రాశారు. పోయిన వారం మేము పోతే యీ నెల గడి ఖాళీగా వుంది. రాసే కుర్రవాడు బెంగుళూరు పనికి పోయాడు, గంగజాతరకు వస్తాడంట. అంతవరకు తాను కొలుస్తానని ఆ అక్క తాడు, రాయి తీసుకుంది. అంకెలు రాయడం మాత్రం మనవరాలు చూసుకుంటుందంట.